పిలుపు కుదిరాకే కాగితాలు: మెక్సికన్ ఇళ్లలో మారుతండ్రులతో పని, నా అనుభవం

స్పానిష్‌లో మారుతండ్రిని పద్రాస్త్రో అంటారు. గోరు పక్కన చర్మం లేచి, చొక్కా తొడుక్కునేటప్పుడల్లా చురుక్కుమనిపించే పీలిక ఉంటుందే, దాని పేరూ పద్రాస్త్రోనే. తండ్రి అనే మాటకు తగిలించిన ఆ ‘ఆస్త్రో’ మనిషిని తక్కువ చేసే తోక. పొయెతా అంటే కవి, పొయెతాస్త్రో అంటే మన కుకవి. అందుకే బడిలోనో క్లినిక్‌లోనో ఇచ్చే ఫారంలో ‘పద్రాస్త్రో’ అని గడి కనిపిస్తే మెక్సికన్ ఇంట్లో చాలామంది దాని జోలికి పోరు. ‘తండ్రి’ దగ్గర టిక్ పెడతారు, లేదా ఖాళీగా వదిలేస్తారు. రెండూ తర్వాత తలనొప్పి తెచ్చేవే.

టెక్సాస్‌లోని హ్యూస్టన్ చుట్టుపక్కల బడులకూ కుటుంబాలకూ మధ్య తిరిగే పని నాది. పిల్లలున్న తల్లితో కొత్తగా కాపురం పెట్టిన మెక్సికన్ మగవాళ్లతో ఎక్కువగా కూర్చోవాల్సి వస్తుంది. ఒక్కో ఇంటికి మూడుసార్లు వెళ్తాం, రెండేసి వారాల ఎడంతో, వెళ్లినప్పుడల్లా గంటన్నర. ఏ వరసలో చేస్తాం, ఎక్కడ చెడుతుంది, ఎందుకు చెడుతుంది అన్నదే ఇక్కడ రాస్తున్నాను.

మొదటి ఫోన్‌తోనే సగం పని అవుతుంది, లేదా సగం చెడుతుంది. నంబరు సాధారణంగా తల్లిది ఉంటుంది. ఆమెతోనే అంతా మాట్లాడేసి ‘ఆదివారం వస్తాం’ అని పెట్టేస్తే ఆ ఆదివారం ఆయన ఇంట్లో ఉండడు. తనకు చెప్పకుండా తన గడపలోకి ఎవరో వస్తున్నారని మనసులో పెట్టుకుంటాడు. అలాగని ఆయనతోనే మాట్లాడి ఊరుకున్నా కుదరదు. పిల్లల విషయంలో తాళంచెవి తల్లి చేతిలో ఉంటుంది. ముందు ఆమెకు చెప్పి, ‘ఒకసారి వారితో కూడా మాట్లాడతాను’ అని ఫోన్ ఆయనకు ఇప్పించుకోవాలి. మొదటి నుంచి చివరి దాకా ‘ఉస్తెద్’, అంటే ‘మీరు’. చనువు చూపిద్దామని మధ్యలో ‘తూ’కి, అంటే ‘నువ్వు’కి దిగితే ఆయన ఏమీ అనడు, జవాబులు మాత్రం పొట్టిగా అయిపోతాయి.

వేళ కూడా చూసుకోవాలి. ఇళ్ల కప్పులు వేసేవాళ్లు, తోటపని చేసేవాళ్లు, కోళ్ల ఫ్యాక్టరీలో షిఫ్టులకు పోయేవాళ్లు చాలామంది తెల్లారకముందే బయల్దేరతారు. వారం మధ్యలో సాయంత్రం ఏడుకు వెళ్తే ఎదురుగా కూర్చునేది అలసిన ఒళ్లే. ఆదివారం చర్చి నుంచి వచ్చాక మధ్యాహ్నం మంచిది. మొదటి అరగంట పని మాట ఎత్తకూడదు. ఏ రాష్ట్రం, ఏ రాంచో (పల్లె), అమ్మ ఉందా, అక్కడ ఇప్పుడు వానలా ఎండలా, ఇవే. పెట్టింది తినాలి, ఇచ్చింది తాగాలి. ఎర్రగా, పుల్లగా ఉండే ఆగువా దె హమైకా తరచు ఇస్తారు. అది మన ఎర్ర గోంగూర కాయల పైన ఉండే ఎర్రటి రేకలను ఎండబెట్టి చేసే నీళ్లే. ఆకు మనం తింటాం, రేకలు వాళ్లు తాగుతారు. ఆ మాట చెబితే ఇంకో అరగంట పోతుంది, కానీ ఆ అరగంట వృథా కాదు.

తర్వాత మొదటి ప్రశ్న ఒకటే: ‘పిల్లలు మిమ్మల్ని ఏమని పిలుస్తారు?’

మిగిలిన ప్రశ్నలన్నీ కలిపి ఇవ్వనంత సమాచారం ఈ ఒక్కదానిలో దొరుకుతుంది. జవాబు ‘పాపా’ లేక ‘అపా’ అయితే ఎప్పటి నుంచి, ఎవరు చెప్పి పిలిపించారు అని కనుక్కోవాలి. తల్లి బలవంతం మీద వచ్చిన ‘పాపా’ పిల్లవాడికి పదమూడేళ్లు వచ్చేసరికి ఊడిపోతుంది, ఊడినప్పుడు ఆయన మనసు బాగా కష్టపడుతుంది. పేరు పెట్టి పిలవడం అమెరికన్ ఇళ్లలో మామూలే కానీ మెక్సికన్ ఇళ్లలో పెద్దవాణ్ణి ఉత్త పేరుతో పిలిస్తే ‘రెస్పెతో’, అంటే గౌరవం, లేనట్టు. దానికి మందు వాళ్ల భాషలోనే ఉంది. పేరు ముందు ‘దోన్’ చేర్చడం. మన సినిమా డాన్ కాదు, మన ‘గారు’ లాంటిది, కాకపోతే ముందు వస్తుంది. ‘దోన్’తో పిలిచే పిల్లవాడు తండ్రి స్థానం ఇవ్వలేదు, గౌరవం మాత్రం ఇచ్చాడు. మొదటి రెండేళ్లకు అంతకంటే అడగడం అత్యాశ. కొందరు ‘తీయో’ అంటారు, మామయ్య, బాబాయి అన్నీ అందులోనే. మన దగ్గర కూడా అమ్మను చేసుకున్నాయన్ని ‘బాబాయ్’ అని సర్దుకునే ఇళ్లు ఉన్నాయి కదా, అదే తర్కం.

అన్నిటికంటే జాగ్రత్తగా వినాల్సింది ఏ పిలుపూ లేకపోవడం. ఏళ్ల తరబడి ఒక్కసారి కూడా పిలవకుండా గడిపేసే పిల్లలు ఉంటారు. ‘ఓయిగా’ అంటారు, ‘వినండి’ అని. లేదా ఆయన చూసే దాకా గుమ్మంలో నిలబడతారు. మొగుణ్ణి పేరు పెట్టి పిలవకుండా ‘ఏవండీ, ఇదిగో’లతో జీవితం వెళ్లదీసిన మన అమ్మమ్మలను చూసినవాళ్లకు ఈ విద్య కొత్తేమీ కాదు. కాకపోతే అమ్మమ్మది మర్యాద, ఈ పిల్లలది తేల్చుకోలేకపోవడం. ఎదురుగా ఉన్నాయనకు రెండూ ఒకలాగే వినిపిస్తాయి, చిక్కంతా అక్కడే.

ఈ పనిలో నాకు తెలిసినంతలో చిక్కుముడి ఇది: ఆ సంస్కృతి మగవాడికి వచ్చిన మొదటి రోజే ఇంటి పెద్ద కుర్చీ వేస్తుంది. ‘హెఫే దె ఫమీలియా’ ఆయనే. అద్దె కట్టాలి, బండి బాగుచేయాలి, పిల్లలు దారి తప్పితే అడగాలి. ఆ కుర్చీలో కూర్చోడానికి ఒక పేరు మాత్రం ఇవ్వదు. అమెరికాలో సవతి కుటుంబాలకు సలహాలిచ్చేవాళ్లు చెప్పే మొదటి మాట ‘మీరు ముందు స్నేహితుడిగా ఉండండి, క్రమశిక్షణ తల్లికి వదలండి’ అని. అదే మాటను యథాతథంగా స్పానిష్‌లోకి మార్చి చెబితే ఆయనకు ‘నీ ఇంట్లో నీకు నోరు లేదు’ అని వినిపిస్తుంది. పనిలో తోటివాళ్లు ‘మందిలోన్’ అంటారన్న బెదురు ఒకటి. మందిల్ అంటే వంటింటి ఏప్రాన్. పెళ్లాం కొంగుచాటు మొగుడని ఎగతాళి. వెనక ఊళ్లో ఆయన తల్లి ఫోన్‌లో అనే మాట ఇంకొకటి: ‘ఈహోస్ అహేనోస్’ను, పరాయివాళ్ల పిల్లలను సాకుతున్నావని.

కాబట్టి అదే సలహాను వాళ్లకు తెలిసిన బంధుత్వాల్లోకి మార్చి చెప్పాలి. తీయో ఇంటికి వచ్చినప్పుడు పిల్లవాడు పెద్దమ్మాయిని కొడితే ఊరుకుంటాడా? ఊరుకోడు, ‘మీ అమ్మ వద్దంది కదా’ అంటాడు. ఎవరూ తప్పు పట్టరు. పద్రీనో, అంటే బాప్తిస్మప్పుడు తోడు నిలిచిన జ్ఞానతండ్రి, మందలిస్తే ఎవరూ తప్పు పట్టరు. ‘ఏడాది పాటు తీయో చేసేంత చేయండి, తండ్రి చేసేంత వద్దు’ అంటే చప్పున అర్థమవుతుంది. పరువూ పోదు.

ఇక్కడ మచీస్మో, అంటే మగాణ్ణన్న అహం, అనే మాట గురించి ఒక మాట. బయటివాళ్లు మెక్సికన్ మగవాడు అనగానే ఆ మాట తీసి అతికిస్తారు. 2008లో ఆరిజోనా స్టేట్ యూనివర్సిటీ మనస్తత్వ శాస్త్రవేత్తలు దాన్ని రెండుగా విడదీసి కొలిచారు. పెత్తనం చేసేది ఒక పక్క, కుటుంబం కోసం నిలబడి మర్యాదగా మసలే ‘కబాయెరీస్మో’ ఒక పక్క. మారుతండ్రితో మాట్లాడేటప్పుడు రెండోదాన్ని పట్టుకోవాలి. ‘మీరు తగ్గండి’ అంటే వినడు. ‘కబాయెరో (పెద్దమనిషి) అయినవాడు పిల్లవాడి ముందు వాళ్ల నాన్నను తిట్టడు’ అంటే వింటాడు.

రెండో సందర్శనలో ఇంటి పటం గీస్తాం. వంటింటి బల్ల మీద పెద్ద కాగితం పరిచి, మగవాళ్లకు చతురస్రం, ఆడవాళ్లకు గుండ్రం, ఒక కప్పు కింద ఉన్నవాళ్ల చుట్టూ చుక్కల గీత. వినడానికి తేలిక. మొదటి పొరపాటు చుక్కల గీతను ఇంటి గోడల దగ్గరే ఆపడం. ఆయన సొంత పిల్లలు అమ్మమ్మ దగ్గరో నానమ్మ దగ్గరో మెక్సికోలో ఉండి ఉండవచ్చు, నెలనెలా డబ్బు వెళ్తుంటుంది. ఈమె పెద్దకొడుకు అక్కడే ఉండిపోయి ఉండవచ్చు. ఆ చతురస్రాలు కాగితం మీదికి రాకపోతే జీతం ఎందుకు సరిపోవట్లేదో మూడో సందర్శనకు కూడా అర్థం కాదు. రెండో పొరపాటు కంపాద్రేలను, అంటే పిల్లల జ్ఞానతండ్రులై ఇంటికి దగ్గరివాళ్లైన మగవాళ్లను వదిలేయడం. ఇద్దరి మధ్య మాట పడిపోయినప్పుడు మధ్యవర్తి వాళ్లే. కౌన్సెలర్ దగ్గరకు వెళ్లని మగవాడు కంపాద్రే పిలిస్తే కార్నె అసాదా (నిప్పుల మీద కాల్చే మాంసం) పొయ్యి దగ్గరకు వెళ్లి నిలబడి గంట మాట్లాడి వస్తాడు. పెన్ను పిల్లల చేతికి ఇవ్వడం మంచిది. ఆయన చతురస్రాన్ని ఎంత దూరంలో, ఎంత సైజులో గీశారో చూడండి. దానిపై అప్పటికప్పుడు వ్యాఖ్య చేయకండి. పటం ఇంట్లోనే వదలాలి. ఎవరికి ఏ వలస కాగితాలున్నాయన్న సంగతి అందులో రాయకూడదు, అసలు అడగకూడదు. ఒకసారి అడిగితే తలుపు మూసుకుంటుంది.

ఇంటిపేర్ల దగ్గర బడి ఆఫీసులు పడే పాట్లు ఇంకో రకం. మెక్సికన్ పిల్లవాడికి రెండు ఇంటిపేర్లు: మొదటిది తండ్రిది, రెండోది తల్లిది. పెళ్లయినా ఆడవాళ్లు పేరు మార్చుకోరు. అందుకని తల్లిదండ్రులు కలిసి ఉన్న ఇంట్లో కూడా ముగ్గురికి మూడు రకాల పేర్లు. మనకు, వాళ్లకు ఇది మామూలే, అమెరికన్ గుమస్తాకు మాత్రం అనుమానం. పైగా కంప్యూటర్ చివరి మాటను ఇంటిపేరుగా తీసుకుంటే తండ్రి పేరు మధ్యపేరై కూర్చుంటుంది. మారుతండ్రి ఇంట్లో చిక్కు ఇంకో చోట వస్తుంది. అదే తల్లికి పుట్టిన అక్కకూ తమ్ముడికీ మొదటి ఇంటిపేరు వేరవుతుంది. హాజరు పిలిచినప్పుడు ఆ తేడా పిల్లలకు అందరికంటే ముందు తెలుస్తుంది.

బడి రికార్డులు చూసే హక్కు మారుతండ్రికి ఉందా అని ఆఫీసులో సతాయిస్తుంటారు. విద్యార్థుల రికార్డుల గోప్యతకు సంబంధించిన 1974 నాటి ఫెర్పా చట్టం ప్రకారం, సొంత తల్లితో పాటు రోజూ ఆ ఇంట్లో ఉంటూ, కన్నతండ్రి ఆ ఇంట్లో లేనప్పుడు, మారుతండ్రిని తల్లిదండ్రిగానే లెక్కిస్తారు. ఈ ఒక్క వాక్యం తెలిసి ఉంటే చాలా గొడవ తగ్గుతుంది. వైద్యానికి ఒప్పుకోలు వేరు, దానికి తల్లి రాసిచ్చిన కాగితం ఆయన దగ్గర ఉండాలి. ఆ కాగితం నోటరీ చేయించేటప్పుడు ఒక వల ఉంది. మెక్సికోలో ‘నొతారియో’ అంటే ప్రభుత్వం నియమించిన అనుభవజ్ఞుడైన న్యాయవాది. అమెరికాలో నోటరీ పబ్లిక్ సంతకాన్ని చూసి ముద్ర వేసే మనిషి, అంతే. ఆ పేరు బోర్డు మీద పెట్టుకుని వలస కాగితాలు నింపుతామని డబ్బు గుంజేవాళ్ల దగ్గర చెడిపోయిన ఫైళ్లు చాలా ఉన్నాయి.

పిల్లలను దుబాసీలుగా వాడటం మరో పెద్ద తప్పు. పిల్లవాడికి ఇంగ్లిష్ వచ్చు, ఆయనకు రాదు. టీచరు చెప్పిన ఫిర్యాదును ఆ పిల్లవాడే ఆయనకు అనువదిస్తాడు. అందులో ఎంత చేరుతుందో, ఎంత జారుతుందో ఊహించుకోవచ్చు. సొంత తండ్రికే అది తలవంపు, ‘నువ్వు మా నాన్నవి కాదు’ అని ఇంకా అనని పిల్లవాడి దగ్గర మరీను. దుబాసీని బడే ఏర్పాటు చేయాలి. లేదంటే సమావేశం వాయిదా వేయాలి.

మూడో సందర్శన క్రమశిక్షణ, డబ్బు. ఒక కాగితం మీద మూడు నిలువు వరసలు: తల్లి తేల్చేవి, ఇద్దరూ కలిసి తేల్చేవి, ఆయన ఒక్కడే చెప్పగలిగేవి. ఫోను, స్నేహితులు, రాత్రి తిరిగి వచ్చే వేళ మొదటి దాంట్లో. పని నేర్పడం, బండి, ఇంట్లోకి అడుగుపెట్టినప్పుడు పెద్దవాళ్లను పలకరించడం మూడో దాంట్లో. ఈ చివరిది చిన్న విషయం కాదు. ‘ఎదుకసియోన్’ అంటే చదువే కాదు, నడవడిక కూడా. పిలిస్తే ‘ఏంటి?’ అనకుండా ‘మాందే?’ (చెప్పండి) అనాలని నేర్పేది ఇంటి పెద్దలే. మారుతండ్రి దాన్ని అడగడం ఆ ఇంట్లో ఎవరికీ అతిగా అనిపించదు. శిక్ష వేయడం మాత్రం ఏ వరసలోనూ ఆయన పేరు మీద రాయం. డబ్బు కాగితంలో అద్దె, ఇంటి ఖర్చు, మెక్సికోలోని ఆయన పిల్లలకు పంపేది, ఈమె తల్లిదండ్రులకు పంపేది విడివిడిగా ఉండాలి. కలిపి రాస్తే ‘నా డబ్బు నీ పిల్లలకు’ అన్న మాట ఏదో ఒక రాత్రి వస్తుంది. ‘కన్నవాడు కాదు, పెంచినవాడే తండ్రి’ అని వాళ్ల సామెత ఒకటుంది, గొడవలో ఇద్దరూ దాన్నే తలోవైపు లాగుతారు.

రివర్‌సైడ్, ఫీనిక్స్ నగరాల్లో ఏడో తరగతి పిల్లలున్న కుటుంబాలపై పెద్ద పరిశోధన ఒకటి జరిగింది, మెక్సికన్ మూలాలున్నవీ తెల్లవాళ్లవీ, సొంత తండ్రి ఉన్నవీ మారుతండ్రి ఉన్నవీ. అందులో పిల్లలను అడిగిన వాటిలో నాకు పనికొచ్చింది ‘నేను ఆయనకు ఎంత ముఖ్యం?’ అన్నది. ముఖ్యమని నమ్మిన పిల్లల మానసిక ఆరోగ్యం మెరుగ్గా ఉంది. ఆయన్ని ఎంత ప్రేమిస్తున్నావని పిల్లవాణ్ణి అడిగే బదులు ఇదే అడుగుతాం. ‘ఆయన నా బూట్ల సైజు చెప్పగలడు’ లాంటి జవాబు వస్తే చాలు.

వలస చట్టం మన పిలుపులను పట్టించుకోదు, తేదీలను పట్టించుకుంటుంది. సవతి సంబంధం అమెరికా చట్టంలో లెక్కకు రావాలంటే తల్లితో ఆయన పెళ్లి పిల్లవాడికి 18 నిండకముందే జరిగి ఉండాలి. దత్తత అక్కర్లేదు. ఆ తేదీ దాటితే పన్నెండేళ్లు పెంచినా సంబంధం లేనట్టే. మెక్సికోలో ‘ఉనియోన్ లీబ్రే’, పెళ్లి లేకుండా కలిసి కాపురం, మామూలు విషయం. చర్చిలో ఒకసారి పెళ్లయినవాళ్లకు అది రద్దు కాకుండా మళ్లీ చర్చి పెళ్లి కుదరదు కాబట్టి, చాలామంది అలాగే ఉండిపోతారు. ‘పిల్లలు పెద్దయ్యాక చేసుకుందాం’ అనుకుంటారు. అప్పటికి ఆ 18 దాటిపోతుంది. టెక్సాస్‌లో అనధికార పెళ్లిని చట్టం గుర్తిస్తుంది, కౌంటీ క్లర్క్ ఆఫీసులో దాన్ని నమోదు చేయవచ్చు. కానీ ఇద్దరిలో ఎవరికైనా మెక్సికోలో పాత పెళ్లి విడాకులు లేకుండా మిగిలి ఉంటే ఇదీ నిలబడదు. పాత విడాకుల కాగితం ముందు, కొత్త పెళ్లి కాగితం తర్వాత. ఈ వరస తప్పకూడదు.

అమెరికాలో పుట్టిన పిల్లవాడికి 21 నిండితే మారుతండ్రి కోసం ఐ-130, అంటే బంధువుకు గ్రీన్‌కార్డు కోరే దరఖాస్తు, వేయవచ్చు. ఇంట్లో అందరూ ఆ పుట్టినరోజు కోసం ఎదురుచూస్తారు, తర్వాత నిరాశపడతారు. తనిఖీ లేకుండా సరిహద్దు దాటి వచ్చినవాడు మామూలుగా ఇక్కడే ఉండి గ్రీన్‌కార్డు పొందలేడు, సియుదాద్ హువారెజ్‌లోని అమెరికా కాన్సులేట్‌కు వెళ్లాలి. ఏడాదికి మించి కాగితాలు లేకుండా ఉన్నవాడు దేశం దాటగానే 1996 చట్టం ప్రకారం పదేళ్ల నిషేధం పడుతుంది. దాని మాఫీ కోసం వేసే ఐ-601ఎకి కష్టం చూపించాల్సింది పౌరులో గ్రీన్‌కార్డుదారులో అయిన భార్య లేక తల్లిదండ్రులకు. బిడ్డకు కలిగే కష్టం అక్కడ లెక్కకు రాదు, సొంత బిడ్డయినా సవతి బిడ్డయినా. కాబట్టి ప్రయాణం కట్టకముందే లైసెన్సున్న వలస న్యాయవాదిని కలవాలి. ఇంకో పాత అలవాటు కూడా చెప్పాలి. ప్రేమకొద్దీ భార్య బిడ్డను జనన రిజిస్ట్రీలో తన సొంత బిడ్డగా రాయించుకున్నవాళ్లు ఉంటారు. కాన్సులేట్ డీఎన్ఏ పరీక్ష సూచిస్తే మొత్తం ఫైలు మీద అబద్ధం మచ్చ పడుతుంది. సవతి బిడ్డ అని రాసి ఉంటే ఏ ఇబ్బందీ ఉండేది కాదు.

దత్తత కావాలనేవాళ్లు కూడా వస్తారు. టెక్సాస్‌లో ముందు కన్నతండ్రి హక్కులు కోర్టు ద్వారా రద్దు కావాలి. ఆయన మెక్సికోలో ఉంటే నోటీసు అంతర్జాతీయ ఒప్పందం ప్రకారం పంపాలి, అక్కడే నెలలు పోతాయి. బిడ్డకు 12 నిండితే బిడ్డ ఒప్పుకోలు కూడా కావాలి. కన్నతండ్రి వారం వారం వాట్సాప్‌లో పిలుస్తున్న ఇంట్లో ఈ మాట తొందరపడి ఎత్తకండి. ఆయన్ని దేశం నుంచి పంపించేసి ఉంటే మరీను. వెళ్లిపోయినవాడు వేరు, పంపించబడ్డవాడు వేరు. పిల్లల లెక్కలో రెండోవాడి కుర్చీ ఇంకా ఖాళీ కాలేదు.

ఇవన్నీ ఒక్కచోట బయటపడే రోజు అమ్మాయికి పదిహేనేళ్లు నిండినప్పుడు చేసే కిన్‌సెయాన్యెరా వేడుక. హాలు, కేకు, సంగీతం, ఒక్కోదానికి ఒక్కో పద్రీనో ఖర్చు పెట్టుకుంటారు. చర్చి పూజ అయ్యాక హాల్లో రెండు ఘట్టాలున్నాయి. తండ్రి మోకాళ్ల మీద కూర్చుని అమ్మాయి కాళ్లకున్న మడమలేని చెప్పులు విప్పి, ఎత్తు మడమల జోడు తొడుగుతాడు. తర్వాత తండ్రితో వాల్ట్జ్ నాట్యం. ఆ మోకాళ్లు ఎవరివి?

ఆరు నెలల ముందే, హాలు మాట్లాడే రోజునే, ఇది తేల్చాలి. తేల్చేది అమ్మాయి. పెద్దవాళ్లు ముందే వాగ్దానాలు చేసేస్తే అమ్మాయి ఎటూ చెప్పలేదు. కుదిరిన ఏర్పాట్లు నేను చూసినవి కొన్ని: చెప్పులు మారుతండ్రి, నాట్యం తాతయ్య. నాట్యం సగం కన్నతండ్రితో, సగం ఈయనతో. కన్నతండ్రి మెక్సికోలో ఉంటే ఫోన్‌లో ఆశీర్వాదం, చెప్పులు ఈయన. ఒక చోట ఆయన తండ్రి వేషం వద్దని, చెప్పుల జోడుకు పద్రీనోగా ఉంటానని ఒప్పుకున్నాడు. కొన్నదీ ఆయనే, తొడిగిందీ ఆయనే. అమ్మాయి పిలిచేది మాత్రం ముందులాగే ‘దోన్’తోనే.

ఎక్కువసార్లు చెడేది మైకు దగ్గర. డీజేకు ఏమీ తెలియదు, అలవాటు ప్రకారం ‘ఇప్పుడు నాన్నగారు వేదిక మీదికి’ అని అరుస్తాడు. ఇద్దరు లేస్తారు, లేదా ఎవరూ లేవరు, రెండు వందల మంది చూస్తుంటారు. అందుకని ఏ ఘట్టానికి ఎవరు, ఏ మాటతో పిలవాలో, అమ్మాయి చెప్పిన మాటనే, పెద్ద అక్షరాలతో ఒక కాగితం మీద రాయించి రెండు కాపీలు తీయించండి. ఒకటి డీజేకు, ఇంకొకటి ఫొటోగ్రాఫర్‌కు.